ట్యూబుకొచ్చిన జబ్బు

మనిషి ఒంట్లో సుమారు అయిదు లీటర్ల రక్తం ఉంటుందని శాస్త్రం చెబుతుంది. ఆ రక్తం ఎవరిది అన్న విషయంలో శాస్త్రం కాస్త తటపటాయించినా, మా ఆసుపత్రి ల్యాబు నిబంధనావళి మాత్రం ఎక్కడా తడబడలేదు. సూదిలోకి వచ్చేదాకా అది రోగిది, ట్యూబులో పడేదాకా ఆసుపత్రిది, ఆ తరవాత యంత్రానిది. ఈ మూడో దశలో తన రక్తం గురించి రోగికి ఏమైనా అభిప్రాయం కలిగితే, దాన్ని కాగితం మీద రాసి గేటు దగ్గరున్న పెట్టెలో వేసుకోవచ్చు. (పెట్టె తాళంచెవి పోయి రెండేళ్లయింది. అభిప్రాయాలన్నీ భద్రంగా ఉన్నాయి.)

ఈ ల్యాబులో నేను రక్తం చదవడం నేర్చుకున్నాను, అదీ నలభై మూడేళ్ల వయసులో. అంతకుముందు పంతొమ్మిదేళ్లు ఇదే ఆసుపత్రి రికార్డుల గదిలో ఫైళ్లు చూసుకున్నాను. ఫైళ్లన్నీ కంప్యూటరులోకి వెళ్లిపోయాక గది ఖాళీ అయింది. రక్తకణాలు లెక్కపెట్టే కొత్త యంత్రానికి చల్లటి గది కావలసి వచ్చింది. నన్ను తీసేసి యంత్రాన్ని పెట్టారని మా బంధువులు చెప్పుకుంటారు గాని, అది నిజం కాదు. నన్ను తీశారు, తరవాత యంత్రాన్ని పెట్టారు. రెంటికీ మధ్య నాలుగు రోజుల వ్యవధి ఉంది.

ఎప్పుడో డిగ్రీలో జంతుశాస్త్రం చదివిన పాపానికి నన్ను 'బహుముఖ నైపుణ్య వికాస పథకం' కింద రక్తరోగ పరీక్షల శిక్షణలో వేశారు. ఉత్తర్వు చాలా ఉదారంగా ఉంది. పాసైతే ల్యాబులో శాశ్వత స్థానం. ఫెయిలైతే యథాస్థానానికి పంపబడును. నా యథాస్థానంలో యంత్రం కూర్చుని ఉందన్న సంగతి ఉత్తర్వు రాసినవారికి తెలుసో లేదో నేను అడగలేదు. అడగడానికి ఫారం ఉందట, అది ఫైళ్లతోపాటు కంప్యూటరులోకి వెళ్లింది.

మాకు పని నేర్పే ఆవిడను అందరూ వందమ్మ అంటారు. అసలు పేరు జీతాల రిజిస్టరుకే తెలుసు. స్లైడు మీద తెల్లకణాలు లెక్కపెట్టేటప్పుడు వంద పూర్తయ్యేదాకా ఆవిడ తల ఎత్తరు. తొంభై ఆరు దగ్గర ఎవరైనా పలకరిస్తే, పలకరింపుకు బదులివ్వకుండా మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడతారు. ఒకసారి అగ్నిప్రమాద విన్యాసం జరిగి భవనం మొత్తం ఖాళీ అయినప్పుడు ఆవిడ ఎనభయ్యో కణం దగ్గర ఉన్నారు, లేవలేదు. విన్యాసం నివేదికలో 'ఒక మృతి' అని నమోదైంది.

మొదటి మూడు వారాలు ఆవిడ నాచేత గాజు పలకల మీద రక్తపు చుక్కలు తోయించారు. చూడ్డానికి అది పనిలాగే ఉండదు. పలక మీద ఒక చుక్క వేసి, ఇంకో పలక అంచును దానికి ఆనించి, వాలుగా పట్టుకుని ఒక్క తోపు తోయాలి. రక్తం పల్చగా, నాలుక ఆకారంలో పరుచుకుని చివర్న ఈకలాంటి అంచుతో ఆగాలి. నావి మొదట్లో నాలుకల్లా లేవు, నాలుక కరుచుకున్నట్టున్నాయి.

"నాయనా, అది రక్తం. గోడకు సున్నం కాదు," అనేవారు వందమ్మ. "ఇచ్చినవాడు సూదికి చెయ్యి చాపి, మొహం అటు తిప్పుకుని ఇచ్చాడు. ఆ మర్యాదన్నా ఉంచు."

నాలుగో వారానికి అంచు వచ్చింది. ఆ రోజు ఆవిడ నా బల్ల మీద ఒక టీ పెట్టి వెళ్లారు. తరవాత సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టి చూడడం నేర్పారు. ఎర్రకణం మధ్యలో ఎంత వెలిసి ఉండాలి, తెల్లకణాల్లో ఏది ఎవరు, ప్లేట్‌లెట్లు ఎంత చిన్నగా, ఎంత విడివిడిగా ఉంటాయి అన్నీ చెప్పారు. అన్నిటికన్నా ముందు చెప్పిన మాట ఒకటుంది.

"ముందు స్లైడు చూడు. యంత్రం ఇచ్చిన చీటీ తరవాత చూడు. చీటీ ముందు చూశావంటే, ఇక నీ కళ్లు చీటీలో ఉన్నదే చూస్తాయి."

ఈ పద్ధతి ఎంత పాతదో, ఎంత ప్రమాదకరమైందో నాకు తరవాత తెలిసింది. ల్యాబులో శిక్షణకు ఒక యాప్ ఉంది. ఆ యాప్‌కు ఒక అధికారి ఉన్నారు, హోదా ఏకీభావాధికారి. అంతకుముందు లిఫ్టుల నిర్వహణ చూసేవారు, చాలా మెత్తని మనిషి. శిక్షణలో ఉన్నవాళ్లు రెండు వందల స్లైడులు చదవాలి. ప్రతి స్లైడుకూ వాళ్లు చెప్పినదాన్ని యంత్రం చెప్పినదానితో పోలుస్తారు. కనీసం నూట తొంభై ఆరింటిలో యంత్రంతో ఏకీభవించినవాళ్లే ధ్రువీకృతులు. ధ్రువీకృతులైనవాళ్లకు మాత్రమే ఒక విశేషాధికారం లభిస్తుంది: యంత్రంతో విభేదించే హక్కు.

"అంటే సార్, యంత్రం తప్పు చెబితే?" అని మొదటి రోజే అడిగాను.

"తప్పని చెప్పే అర్హత ముందు సంపాదించుకోండి," అన్నారాయన ఎంతో ఆప్యాయంగా. "అర్హత వచ్చాక మిమ్మల్ని ఆపేవాడెవడు?"

నా పక్క సీటులో శిక్షణ పొందుతున్న అమ్మాయి నూట యాభై స్లైడులకు నూట యాభైలో ఏకీభవించి మా బ్యాచిలో అగ్రస్థానంలో ఉంది. గోడ మీద ఫోటో కూడా పెట్టారు. ఒకరోజు నా సూక్ష్మదర్శిని చెడిపోతే ఆ అమ్మాయిది అడిగాను. స్విచ్చి వేస్తే వెలగలేదు. బల్బు పోయి నాలుగు నెలలైందని ఏమాత్రం దాపరికం లేకుండా చెప్పింది. ఫోటో ఇప్పటికీ అక్కడే ఉంది.

నేను మాత్రం వందమ్మ మాట పట్టుకుని స్లైడులు చదివిన మొదటి నెలలోనే నాలుగుసార్లు విభేదించి కూర్చున్నాను. అందులో రెండు నా తప్పులు, రెండు యంత్రానివి. వందమ్మ స్వయంగా చూసి ఆ సంగతి తేల్చారు. యాప్‌కు ఆ తేడా పట్టింపు లేదు. నాకున్న నాలుగు తప్పుల కోటా అలా హరించుకుపోయింది. మిగిలిన నూట డెబ్బై పైచిలుకు స్లైడుల్లో ఒక్కదానిలో తేడా వచ్చినా నేను యథాస్థానానికి, అనగా యంత్రం ఒళ్లోకి, వెళ్లాలి.

మరి వందమ్మ సంతకం పెట్టొచ్చు కదా అని ఎవరికైనా తోచవచ్చు. ఆవిడ ముప్పై ఒక్క ఏళ్లుగా రక్తం చదువుతున్నారు. కానీ యాప్ వచ్చి మూడేళ్లే అయింది. యాప్ రాకముందు నేర్చుకున్నది నేర్చుకున్నట్టు కాదని తీర్మానం జరిగింది. అందుచేత ఆవిడ కూడా శిక్షణలో చేరవలసి వచ్చింది. శిక్షకుల జాబితాలో ఒక్కటే పేరుంది, ఆవిడదే. ప్రస్తుతం వందమ్మ వందమ్మ దగ్గర నేర్చుకుంటున్నారు. ఏకీభావం డెబ్బై ఒక్క శాతం. 'శ్రద్ధ చాలదు' అని తన మీద తానే వ్యాఖ్య రాసుకోవలసి వచ్చిందని ఒకసారి నాతో చెప్పారు.

ఇంట్లో మా ఆవిడ సాయంత్రం తలుపు తీస్తూనే ఒకటే ప్రశ్న అడిగేది.

"ఇంకెన్ని?"

"నలభై."

"జాగ్రత్త. ఉద్యోగం పోయి మీరు రోజంతా ఇంట్లో కూర్చుంటే నా వల్ల కాదు. అయినా యంత్రం చెప్పినదానికి ఊఁ అనడానికి మీకేం పోయింది? ఇరవై ఏళ్లనుంచి నాకు అనట్లేదా?"

"నీ సంగతి వేరు. నువ్వు చెప్పేది ఒక్కోసారి నిజమవుతుంది."

ఆ పూట నాకు టీ రాలేదు. అయినా నెట్టుకొచ్చాను. నూట తొంభై తొమ్మిది స్లైడులు పూర్తయ్యాయి. ఏకీభావాధికారి నా పేరుతో ధ్రువపత్రం ముద్రించి, సంతకం ఒక్కటి మిగిల్చి, సొరుగులో పెట్టుకున్నారు. ఒక్క స్లైడు చాలు.

ఆ ఒక్కటీ సెలూనాయనది.

మా ఆసుపత్రి గేటుకు ఎదురుగా మూడు కుర్చీల సెలూన్ ఉంది. ల్యాబులో మగవాళ్ల తలలన్నీ ఆయన చేతి చలవే. రెండు నెలల కిందట హెర్నియా ఆపరేషన్ కోసం వచ్చాడు. ఆపరేషన్‌కు ముందు చేసే మామూలు పరీక్షల్లో యంత్రం ఆయన ప్లేట్‌లెట్లు పద్నాలుగు వేలు అని చెప్పింది. మామూలుగా లక్షన్నరకు తగ్గకూడదు. రక్తం కారితే ఆగడానికి అవే దిక్కు. పద్నాలుగు వేలున్న మనిషికి గట్టిగా తుమ్మినా ముక్కునుంచి రక్తం రావాలి. ఆ చీటీ వచ్చేసరికి సెలూనాయన బెంచీ మీద కూర్చుని బిస్కట్టు నంజుకుంటూ టీ తాగుతున్నాడు.

వెంటనే ఆపరేషన్ ఆపేశారు. చేతిలో ఎర్రటి 'రక్తస్రావ జాగ్రత్త కార్డు' పెట్టారు. కత్తి, కత్తెర, బ్లేడు ముట్టరాదు. గట్టి బ్రష్షుతో పళ్లు తోమరాదు. ఫుట్‌బాల్ ఆడరాదు.

"సార్, ఫుట్‌బాల్ మానేస్తాను," అన్నాడాయన నాతో. "ఎన్నడూ ఆడింది లేదు కాబట్టి కష్టమనిపించదు. కత్తెర ముట్టుకోవద్దంటే ఎలా సార్? నేను చేసేదే అది."

వారానికొకసారి చొప్పున ఏడుసార్లు రక్తం తీశారు. ఏడుసార్లూ అదే ఊదా మూత ట్యూబు, అదే యంత్రం. పద్నాలుగు, పదకొండు, పదహారు, ఇలా. మాత్రలిచ్చారు. మాత్రలకు ఆయన మొహం ఉబ్బింది గాని ప్లేట్‌లెట్లు కదల్లేదు. రెండు నెలలుగా సెలూన్ షట్టరు సగం దించి, తన కుర్చీలో తానే కూర్చుంటున్నాడు. నిద్దట్లో కత్తెర ఆడిస్తున్నట్టు వేళ్లు కదుపుతున్నాడని ఆయన భార్య చెప్పింది.

"ఏడుసార్లు గుచ్చారు సార్. ఏడుసార్లూ దూది పెట్టేలోపే ఆగిపోయింది రక్తం. నాకు రక్తం ఆగదంటారేంటి?"

ఈ పరిశీలనను ఆయన నర్సుకు చెప్పాడు, నర్సు ఫైల్లో ఎక్కించబోయింది. పరిశీలించినవారి హోదా అన్న గడిలో 'రోగి' అన్న మాట ఎంపికలో లేకపోవడంతో అది ఎక్కలేదు.

చివరికి పై అంతస్తు వైద్యబృందం ఒక నిర్ణయానికి వచ్చింది. ఎడమవైపు పక్కటెముకల కింద ప్లీహం అనే అవయవం ఉంటుంది. ప్లేట్‌లెట్లను అదే మింగేస్తోందేమోనని అనుమానించి, దాన్ని తీసేయాలన్నారు. హెర్నియా ఆపరేషన్‌లో రక్తం ఆగదు కాబట్టి ముందు ప్లీహం ఆపరేషన్ చేస్తారు. మరి ప్లీహం ఆపరేషన్‌లో రక్తం ఆగుతుందా అని సెలూనాయన అడిగాడు. అది వేరే విభాగం అన్నారు. తేదీ గురువారం.

అయితే మా నిబంధనావళి మానవత్వం లేనిదేమీ కాదు. ఏ అవయవాన్నైనా తొలగించే ముందు, ఒక మానవ నేత్రం స్వయంగా స్లైడును చూసి యంత్రంతో ఏకీభవించాలని అందులో స్పష్టంగా ఉంది. మానవ నేత్రాలు గల సీనియర్లంతా ఆ వారం నాణ్యతా వారోత్సవాల్లో ఉపన్యాసాలు వింటున్నారు. అందువల్ల ఆ స్లైడు శిక్షణ వరసలోకి వచ్చి, సోమవారం పొద్దున నా బల్ల మీద రెండు వందలవదిగా వాలింది.

అలవాటు ప్రకారం ముందు స్లైడు చూశాను. మధ్యలో ప్లేట్‌లెట్లు నిజంగానే పల్చగా ఉన్నాయి. ఈక అంచుకు జరిపాను. అక్కడున్నాయి అన్నీ. చక్కెర పలుకు దొరికిన చీమల్లా గుంపులు గుంపులుగా, ఒకదాన్నొకటి పట్టుకుని. గుంపుకు యాభై, అరవై. నాకు భయమేసింది. ఆయన గురించి మాత్రమే కాదు, నా గురించి కూడా. ముందు ఎవరి గురించి అన్నది మాత్రం అడగకండి.

వందమ్మను పిలిచాను. ఆవిడ ఒక్క నిమిషం చూసి కళ్లద్దాలు తీశారు.

"గుంపులు కట్టాయి. యంత్రానికి అవి ప్లేట్‌లెట్లలా కనపడవు, లెక్కలోంచి వదిలేసింది. ఊదా మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఒక మందుంటుందిగా, కొందరి రక్తానికి అది పడదు. ఒంట్లో ఉన్నంతసేపూ విడివిడిగా తిరుగుతాయి. ఆ ట్యూబులో పడ్డాక ఇలా పట్టుకుంటాయి."

"అంటే జబ్బు?"

"మనిషికి లేదు. ట్యూబుకుంది."

నీలం మూత ట్యూబులో మందు వేరు. అందులో తీసి చూస్తే తేలిపోతుంది. నీలం ట్యూబులు రెండో అంతస్తులో, రక్తం గడ్డకట్టే పరీక్షల విభాగం బీరువాలో ఉంటాయి. వెళ్లి అడిగాను. ఏ పరీక్షకు అన్నారు. ప్లేట్‌లెట్ల లెక్కకు అన్నాను. వాళ్లు జాబితా చూపించారు. నీలం ట్యూబుతో చేయదగిన పరీక్షలు పదకొండు, అందులో ఇది లేదు. ప్లేట్‌లెట్లకు ఊదా ట్యూబు ఉంది కదా అన్నారు. ఊదా ట్యూబుతోనే వచ్చింది తంటా అన్నాను. అయితే ఊదా ట్యూబుల విభాగానికి ఫిర్యాదు చేయమన్నారు. ఆ విభాగం మాదే.

కిందికి వచ్చేసరికి వందమ్మ తన హ్యాండ్‌బ్యాగులోంచి ఒక నీలం ట్యూబు తీశారు. ఎక్కడిదని నేను అడగలేదు. వరండాలో బెంచీ మీదే సెలూనాయన చేతినుంచి రక్తం తీశారు. సూది బయటికి రాగానే ఆయన చెయ్యి చూపించాడు.

"చూడండి సార్, ఆగిపోయింది."

చూశాను. ఆగిపోయింది. నేను శిక్షణలో ఉన్నవాణ్ణి కాబట్టి నేను చూసినట్టు లెక్కలోకి రాదు.

ఆ ట్యూబును యంత్రంలో పెట్టాం. రెండు లక్షల పద్దెనిమిది వేలు. ఆ ట్యూబులో మందు నీళ్లలా ఉంటుంది, రక్తాన్ని కాస్త పల్చబరుస్తుంది కాబట్టి వచ్చిన అంకెను ఒకటి పాయింట్ ఒకటితో హెచ్చవేయాలని వందమ్మ చెప్పారు. అంటే దాదాపు రెండు లక్షల నలభై వేలు. మా ఇద్దరి మొహాలూ వెలిగిపోయాయి. చీటీ పట్టుకుని ఏకీభావాధికారి గదికి పరుగెత్తాను.

ఆయన చీటీని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఎవరివండీ ఈ ప్లేట్‌లెట్లు?"

"సెలూనాయనవి సార్."

"ఆయనవి పద్నాలుగు వేలు కదా?"

"అవి ఊదా ట్యూబులో సార్. ఇవి నీలం ట్యూబులో."

"దీనిమీద ఆయన బార్‌కోడు లేదే? ఈ పరీక్ష జాబితాలోనే లేదాయె, బార్‌కోడు ఎలా వస్తుంది? ఇంకొకటి, మీరు దీన్ని హెచ్చవేశారా?"

"వేయాలి సార్. ఒకటి పాయింట్ ఒకటితో."

ఆయన మొహంలో మొదటిసారి బాధ కనిపించింది. "ఇవాళ మీరు మంచి ఉద్దేశంతో హెచ్చవేస్తారు. రేపు ఇంకెవడో వచ్చి భాగిస్తాడు. ఎక్కడ ఆగుతుందండీ ఇది?"

ఇంతలో కంప్యూటరు తన పని తాను చేసుకుపోయింది. బార్‌కోడు లేని రక్తం రావడంతో ఒక కొత్త రోగిని నమోదు చేసింది. పేరు తెలియదు, వయసు తెలియదు, వార్డు: ల్యాబు. అతనికి ఏ జబ్బూ కనపడకపోవడంతో సాయంత్రం నాలుగింటికి సంతృప్తికరమైన స్థితిలో డిశ్చార్జి చేసింది. అదే రక్తం గల మనిషి మాత్రం వరండాలో బెంచీ మీద, ఎర్రకార్డు జేబులో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"నేనిప్పుడు స్లైడు మీద ఏం రాయాలి సార్?" అని అడిగాను.

ఏకీభావాధికారి లేచి తలుపు దగ్గరగా వేశారు. చెప్పాను కదా, మెత్తని మనిషి. "చూడండి, మీరు విభేదించారనుకోండి. అయిదో తప్పు. ఫెయిలవుతారు. ఫెయిలైనవాడి మాట చెల్లదు, యంత్రం మాటే నిలుస్తుంది. ఆయన ప్లీహమూ పోతుంది, మీ ఉద్యోగమూ పోతుంది. అలాకాకుండా ఏకీభవించారనుకోండి. పాసవుతారు. పాసైన క్షణం నుంచి విభేదించే హక్కు మీది. అసమ్మతి పత్రం నింపి ఆయన్ని దర్జాగా కాపాడండి. ఒక్క పది నిమిషాల తేడా."

నాకు అందులో ఎక్కడా లోపం కనపడలేదు. రాత్రి మా ఆవిడకు చెబితే తనకూ కనపడలేదు. "ఆయన ఎంత మంచివాడండీ," అంది.

లోపం కనపడింది వందమ్మ ఒక్కరికే. మంగళవారం పొద్దున నేను కంప్యూటరు ముందు కూర్చోబోతుంటే పక్కకొచ్చి నిలబడ్డారు.

"అలా రాయకు నాయనా. చూసింది చూసినట్టు రాయి."

"ఫెయిలవుతాను మేడమ్."

"అవుతావు."

"ఆయనకేం ఒరుగుతుంది అందువల్ల?"

"గ్యారంటీగా ఏదో ఒరుగుతుందని నేననట్లేదు. ఒక్కడు కాదన్నాడని ఫైల్లో ఉంటుంది. అదైనా ఉంటుంది."

"పది నిమిషాల్లో మార్చేస్తాను మేడమ్."

ఆవిడ వెళ్లి తన సీటులో కూర్చుని, మొదటి కణం నుంచి లెక్క మొదలుపెట్టారు.

పదకొండింటికి నేను 'ప్లేట్‌లెట్లు తీవ్రంగా తక్కువ. గుంపులు లేవు. స్వయంగా కళ్లతో చూశాను' అన్న గడులన్నీ నొక్కి సంతకం పెట్టాను. సిగ్గుగా ఉంది చెప్పడానికి. పదకొండు గంటల నాలుగు నిమిషాలకు ధ్రువపత్రం మీద సంతకం పడింది. పక్కసీటమ్మాయి చప్పట్లు కొట్టింది. పదకొండూ పదికి, మాట ఇచ్చినట్టే, అసమ్మతి పత్రం తెరిచాను. ధ్రువీకృత ఉద్యోగిగా అది నా మొదటి పని.

పత్రంలో మొదటి గడి: ఎవరి నిర్ణయంతో విభేదిస్తున్నారు. యంత్రం అని రాశాను. ఒప్పుకోలేదు. మానవ నేత్రం ధ్రువీకరించాక అది యంత్రం నిర్ణయం కాదట, ఆ నేత్రం గల ఉద్యోగి నిర్ణయమట. ఉద్యోగి పేరు అన్నచోట నా పేరు దానంతటదే వచ్చి కూర్చుంది. తరవాతి గడి: విభేదిస్తున్న ఉద్యోగి పేరు. అక్కడా నా పేరే. తెర మీద ఒక సందేశం వచ్చింది. 'ఒక ఉద్యోగి తనతో తాను విభేదించరాదు. దయచేసి మరొక ధ్రువీకృత ఉద్యోగిని సంప్రదించండి.'

సీనియర్లు శనివారందాకా వారోత్సవాల్లో ఉన్నారు. పక్కసీటమ్మాయికి ఇంకా కొన్ని స్లైడులు మిగిలాయి. వందమ్మ ఏకీభావం డెబ్బై ఒక్క శాతం దగ్గరే ఉంది. ఏకీభావాధికారి సందేశాన్ని రెండుసార్లు చదివి, "ఇది నేను ఊహించలేదండీ," అన్నారు. నిజంగానే ఊహించలేదు, ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆపరేషన్ చేయబోయే డాక్టరుకు ఫోన్ చేశాను. ఆయనా మంచివాడే. నేను చెప్పిందంతా మధ్యలో అడ్డుపడకుండా విన్నాడు. "మీరు చెప్పేది సబబుగానే ఉంది. కానీ నోటిమాట మీద ఆపరేషన్ ఆపితే రేపు నన్నడుగుతారు. రిపోర్టు మార్చి పంపండి, ఆ నిమిషమే ఆపేస్తాను. పంపింది మీరే కదా?" అన్నాడు. నేనే అన్నాను.

బుధవారం మధ్యాహ్నం సెలూనాయన, ఆయన భార్య ల్యాబు కిటికీ దగ్గరకు వచ్చారు. నేను దాక్కుందామనుకున్నాను గాని, కిటికీ పక్కనే నా కొత్త నేమ్‌ప్లేటు ఉంది.

"పాసయ్యారంట కదా సార్. సంతోషం," అన్నాడాయన. నిజంగానే సంతోషపడ్డాడు. "మరి నాది కూడా రాసిచ్చేయండి, పనైపోతుంది."

 ఆయన మడిచిన రిపోర్టు తీసి గట్టు మీద పెట్టాడు.

"పైన ఇది ఇచ్చారు. బాగోలేదనే ఉంది. ఎవరో స్వయంగా చూశానని రాశారు. ఈ సంతకం ఎవరిది సార్? ఒకసారి మాట్లాడదామని."

"నాదే."

ఆయన కాగితాన్ని మళ్లీ చదివాడు. వేలు పెట్టి, మాట మాట.

"చూశారా సార్ మీరు?"

"చూశాను."

"మరి?"

"మీకేమీ లేదు. నూటికి నూరుపాళ్లు చెబుతున్నాను. మొన్న వరండాలో తీసిన రక్తంలో రెండు లక్షల నలభై వేలున్నాయి. ఈ కాగితం నమ్మకండి. రేపు రాకండి. ఇంటికెళ్లి సెలూన్ తెరుచుకోండి."

"అదే రాసివ్వండి సార్."

"రాసివ్వలేను. చెప్పగలను."

ఆయన భార్య మెల్లగా ముందుకొచ్చి కాగితం చేతిలోకి తీసుకుంది.

"ఇప్పుడు ఏమీ లేదని చెబుతున్నది ఎవరండీ?"

"నేనేనమ్మా."

"ఉందని రాసింది?"

"అదీ నేనే."

ఆమె నా మొహంలోకి కాసేపు చూసింది. కోపంగా చూడలేదు. సంతలో రెండు ధరలు చెప్పినవాణ్ణి చూసినట్టు, ఏది నిజమో తేల్చుకోవడానికి చూసింది. తరవాత కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో జాగ్రత్తగా పెట్టుకుంది.

"పదండి," అంది భర్తతో. "సార్ ఏదో మనం భయపడతామని నోటితో ధైర్యం చెబుతున్నారు. అంత పెద్దచదువు చదివినాయన, కళ్లతో చూడకుండా రాస్తారా? పొద్దున ఆరింటికల్లా ఖాళీ కడుపుతో రమ్మన్నారు."

సెలూనాయన నాకు దణ్ణం పెట్టాడు. ఇద్దరూ అంగీకార పత్రం ఇచ్చే కౌంటరు వైపు వెళ్లి, వరసలో నిలబడ్డారు.

జనానికి మా ల్యాబు మీద నమ్మకం పోయిందని ఇకమీదట ఎవరన్నా నేను ఒప్పుకోను.